పెన్‌డ్రైవ్ పెట్టగానే బ్యాకప్

ఫలానా డ్రైవ్ కంప్యూటర్‌కు తగలగానే ఫలానా ఫోల్డర్లు వాటంతట అవే అందులోకి నకలు కావాలి. ఎవరూ మెనూ తెరవనక్కర్లేదు, బటన్ నొక్కనక్కర్లేదు. పెట్టడం, పని అయ్యాక తీయడం వరకే మనిషి వంతు. విండోస్, మ్యాక్‌ఓఎస్, లినక్స్ మూడింటిలోనూ ఈ ఏర్పాటు ఇవాళ సాధ్యమే. పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫొటో స్టూడియో, ట్యాలీలో లెక్కలు రాసుకునే కొట్టు, పుస్తకాలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్ వంటి చోట్ల, కంప్యూటర్ విభాగమంటూ వేరే లేనివాళ్లకు బాగా పనికొచ్చే పద్ధతి ఇది.

బ్యాకప్ తీయనివాళ్లలో చాలామందికి దాని విలువ తెలియక కాదు. రోజూ గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని కొన్నాళ్లకు వాయిదాల్లో పడుతుంది. ఆ మరపును తప్పించుకోవడానికి కొందరు డ్రైవ్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచి, గంటకోసారి నకలు తీసేలా పెట్టుకుంటారు. అప్పుడు కంప్యూటర్‌కు వచ్చిన ముప్పు డ్రైవ్‌కూ వస్తుంది. పిడుగుపాటు, దొంగతనం, రాన్సమ్‌వేర్ ఏదొచ్చినా రెండూ కలిసే పోతాయి. 2017 మే 12న ప్రపంచమంతా వ్యాపించిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ ప్రోగ్రామ్ కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం వేయడంతో ఆగలేదు. కొత్త డ్రైవ్ ఏదైనా తగిలిందేమో అని ఎప్పటికప్పుడు చూసుకుంటూ, తగిలితే అందులోని ఫైళ్లకూ తాళం వేసేది.

యూఎస్‌బీ డ్రైవ్ బలమంతా అది కంప్యూటర్‌కు దూరంగా ఉండగలగడంలో ఉంది. బీరువాలో ఉన్న డ్రైవ్‌ను ఏ వైరసూ అందుకోలేదు. రోజులో 23 గంటలు దూరంగా ఉండి, మిగిలిన కాసేపట్లో ఏ ఫైలూ మరిచిపోకుండా అన్నిటినీ తీసుకోగలిగితే డ్రైవ్ భద్రంగానూ ఉంటుంది, తాజాగానూ ఉంటుంది. అందుకే నకలు మొదలుపెట్టడానికి గడియారం కన్నా డ్రైవ్ పెట్టిన క్షణమే సరైన ముహూర్తం.

డ్రైవ్ తగిలిన క్షణం

యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. ఇంటెల్‌లో దానికి రూపమిచ్చిన ఇంజనీర్లలో ముఖ్యుడు, బరోడా మహారాజా సాయాజీరావ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న అజయ్ భట్. మొదటి తరంలో గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు. 2000 ఏప్రిల్‌లో వచ్చిన 2.0తో అది 480 మెగాబిట్లకు, 2008 నవంబర్‌లో వచ్చిన 3.0తో 5 గిగాబిట్లకు చేరింది. పెన్‌డ్రైవ్‌లు 2000లో బజారులోకి వచ్చాయి. సింగపూర్‌కు చెందిన ట్రెక్ 2000 కంపెనీ థంబ్‌డ్రైవ్ పేరుతో ఒకటి తెచ్చింది. అదే ఏడాది చివర్లో ఇజ్రాయెల్‌లోని ఎం-సిస్టమ్స్ తయారుచేసిన డ్రైవ్‌ను ఐబీఎం అమెరికాలో అమ్మింది. దాని సామర్థ్యం 8 మెగాబైట్లు. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలతో కాలం వెళ్లదీస్తున్న రోజుల్లో అదే గొప్ప.

డ్రైవ్ పెట్టిన సంగతి కంప్యూటర్‌కు ముందుగా ఒక విద్యుత్ మార్పుగా తెలుస్తుంది. యూఎస్‌బీ 2.0 డ్రైవ్‌లో డేటా తీగల్లో ఒకదానికి 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కలిపి ఉంటుంది. డ్రైవ్ తగలగానే ఆ తీగ మీద వోల్టేజీ పెరుగుతుంది. కంప్యూటర్ కనీసం 100 మిల్లీసెకన్లు ఆగి, తాకిడి నిలకడగా ఉందని తేల్చుకుని, పరికరాన్ని రీసెట్ చేస్తుంది. ఒకటి నుంచి 127 లోపు ఒక నంబర్‌ను చిరునామాగా ఇస్తుంది. తరవాత వివరాలు అడుగుతుంది. తయారీదారు సంఖ్య, మోడల్ సంఖ్య, సీరియల్ నంబర్, ఏ తరగతి పరికరం అన్నవి ఆ జవాబులో వస్తాయి. 'మాస్ స్టోరేజ్' తరగతి అని తేలితే అందుకు తగిన డ్రైవర్ రంగంలోకి దిగుతుంది. ఆ పైన పార్టిషన్లను చదవడం, అందులో ఉన్న ఫైల్ సిస్టం ఫ్యాటా, ఎన్‌టీఎఫ్‌ఎసా, ఎక్స్‌టీ4ఆ అని పోల్చుకోవడం, చివరికి దాన్ని వాడుకకు తెరవడం. లినక్స్ పరిభాషలో ఈ ఆఖరి మెట్టును మౌంట్ చేయడం అంటారు.

బ్యాకప్ ఏర్పాటు చేసుకునేవాళ్లు ఈ మెట్లను విడివిడిగా గుర్తుంచుకోవాలి. పరికరం తగలడం ఒకటి, డిస్కు కనబడడం మరొకటి, ఫైల్ సిస్టం తెరుచుకోవడం ఇంకొకటి. మొదటి కబురు అందగానే నకలు మొదలుపెట్టేస్తే, డ్రైవ్ ఇంకా తెరుచుకోకముందే ఫైళ్లు రాయబోతుంది. లినక్స్‌లో దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. డ్రైవ్ తెరుచుకోవాల్సిన చోట ఒక ఖాళీ ఫోల్డర్ ఉంటుంది కాబట్టి, నకలంతా కంప్యూటర్ సొంత డిస్కులోనే ఆ ఫోల్డర్లోకి వెళ్లిపోతుంది. ఏ తప్పూ రాలేదని లాగ్ చెబుతుంది, డ్రైవ్ మాత్రం ఖాళీగా ఉంటుంది. నకలు తీసే స్క్రిప్ట్ మొదటి వరుసలోనే ఆ చోట డ్రైవ్ నిజంగా మౌంట్ అయిందో లేదో చూసుకోవాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది అందుకే.

ఆటోరన్ కథ

డ్రైవ్ పెట్టగానే పని మొదలవడం విండోస్ వాడకందార్లకు కొత్త కాదు. విండోస్ 95తో ఆటోరన్ వచ్చింది. సీడీలో ఆటోరన్.ఐఎన్ఎఫ్ అనే చిన్న ఫైలు ఉంటే, అందులో చెప్పిన ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ నడిపేది. సీడీల కాలంలో అది సదుపాయమే. పెన్‌డ్రైవ్‌లు చేతులు మారడం మొదలయ్యాక అదే పెద్ద కన్నమైంది. 2008 నవంబర్‌లో బయటపడిన కాన్‌ఫికర్ అనే వార్మ్ ఆ ఫైలును ఎంత తెలివిగా వాడుకుందంటే, డ్రైవ్ పెట్టగానే వచ్చే ఆటోప్లే కిటికీలో 'ఫైళ్లు చూడటానికి ఫోల్డర్ తెరవండి' అనే వరుసకు నకిలీ వరుస ఒకటి చేర్చింది. బొమ్మ అదే, మాటలూ అవే. దాన్ని నొక్కినవాళ్లు ఫోల్డర్ తెరుస్తున్నామనుకుని వార్మ్‌ను నడిపారు.

2009లో వచ్చిన విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ తీసేశారు. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్ ద్వారా ఆ మార్పు చేశారు. పెన్‌డ్రైవ్‌లోని ఆటోరన్ ఫైలు తనంతట తానే బ్యాకప్ మొదలుపెడుతుందని చెప్పే పాత చిట్కాలు ఇవాళ పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఆ తలుపు మూసినా మరో దారి దొరికింది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్, షార్ట్‌కట్ ఫైలు బొమ్మను విండోస్ చూపించే తీరులోని లోపాన్ని ఆసరా చేసుకుంది. ఫోల్డర్ తెరిచి చూస్తే చాలు, అది నడిచేది. 2014లో కార్స్‌టెన్ నోల్, యాకోబ్ లెల్ అనే జర్మన్ పరిశోధకులు ఇంకో అడుగు వేసి, పెన్‌డ్రైవ్‌లోని కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌నే తిరగరాసి, అది కీబోర్డ్‌నని చెప్పుకునేలా చేయవచ్చని చూపించారు. దానికి బ్యాడ్‌యూఎస్‌బీ అని పేరు.

ఈ చరిత్ర నుంచి ఒక నియమం గట్టిపడింది. ఏం చేయాలన్న ఆదేశం కంప్యూటర్‌లోనే ఉండాలి, డ్రైవ్‌లో ఉండకూడదు. 'నేను ఫలానా' అని తెలపడానికి మించి డ్రైవ్‌కు ఏ అధికారమూ ఇవ్వకూడదు. నేటి పద్ధతులన్నీ ఈ నియమం మీదే నడుస్తాయి.

మూడు వ్యవస్థలు

మ్యాక్‌లో పని అన్నిటికన్నా తేలిక. 2007 అక్టోబర్ 26న లెపర్డ్ వెర్షన్‌తో వచ్చిన టైమ్ మెషీన్‌కు ఒకసారి డ్రైవ్‌ను చూపిస్తే, ఆ తరవాత ఎప్పుడు తగిలించినా బ్యాకప్ దానంతట అదే మొదలవుతుంది. గత 24 గంటలకు గంటకొకటి, గత నెలకు రోజుకొకటి, అంతకు ముందుకు వారానికొకటి చొప్పున నకళ్లు ఉంచుతుంది. స్థలం నిండితే పాతవి తీసేస్తుంది. కొన్ని ఫోల్డర్లే కావాలంటే మిగతావాటిని మినహాయింపుల జాబితాలో చేర్చాలి. సొంత స్క్రిప్ట్ నడుపుకోవాలనుకునేవాళ్లకు లాంచ్‌డీ అనే వ్యవస్థలో 'స్టార్ట్ ఆన్ మౌంట్' అనే ఏర్పాటు ఉంది. ఏ డ్రైవ్ తెరుచుకున్నా అది స్క్రిప్ట్‌ను పిలుస్తుంది కాబట్టి, వచ్చింది మన డ్రైవేనా అన్నది స్క్రిప్టే తేల్చుకోవాలి.

విండోస్ 8తో 2012లో వచ్చిన ఫైల్ హిస్టరీ కూడా ఇలాంటిదే. డ్రైవ్ లేనప్పుడు మారిన ఫైళ్లను కంప్యూటర్‌లోనే కొంతమేర దాచి, తగిలించాక అందులోకి చేరుస్తుంది. కావలసిన ఫోల్డర్లను కావలసిన తీరులో నకలు చేయాలంటే మాత్రం టాస్క్ షెడ్యూలర్‌ను ఆశ్రయించాలి. డ్రైవ్ తగిలినప్పుడు విండోస్ తన ఈవెంట్ లాగ్‌లో ఒక సంఘటన రాసుకుంటుంది. డ్రైవర్ ఫ్రేమ్‌వర్క్స్ యూజర్‌మోడ్ అనే లాగ్‌లో దాని సంఖ్య 2003. 'ఆ సంఘటన జరిగితే ఈ స్క్రిప్ట్ నడుపు' అని షెడ్యూలర్‌కు చెప్పవచ్చు. చాలా యంత్రాల్లో ఆ లాగ్ మొదట ఆపేసి ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేసుకోవాలి. ఈ మెట్టు తప్పిపోయి, అంతా సరిగ్గా పెట్టినా ఏమీ జరగడం లేదని తల పట్టుకునేవాళ్లు ఎందరో.

విండోస్ స్క్రిప్టుల్లో ఇంకో చిక్కు డ్రైవ్ అక్షరం. ఇవాళ ఈ-డ్రైవ్‌గా కనబడింది రేపు ఇంకో పెన్‌డ్రైవ్ ముందే ఉంటే ఎఫ్-డ్రైవ్ అవుతుంది. అక్షరాన్ని నమ్ముకున్న స్క్రిప్ట్, ఎవరో ప్రింట్ కోసం తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోకి దుకాణం లెక్కలన్నీ పోసి పంపగలదు. వాల్యూమ్ లేబుల్‌ను గానీ, సీరియల్ నంబర్‌ను గానీ చూసి అక్షరాన్ని అప్పటికప్పుడు కనుక్కోవాలి.

నకలు తీసే పనికి విస్టా నుంచి విండోస్‌లో భాగమైన రోబోకాపీ గట్టి సాధనం. మారిన ఫైళ్లనే తీసుకుంటుంది, మధ్యలో ఆగితే మళ్లీ అందుకుంటుంది. దాని మొదటి అమరికలను మార్చకుండా వాడితే మాత్రం ప్రమాదం. ఒక ఫైలు దొరక్కపోతే 30 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, అలా 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. లెక్క వేస్తే 11 నెలలు దాటుతుంది. ఔట్‌లుక్ తెరిచి ఉండగా డ్రైవ్ పెడితే మెయిళ్ల ఫైలు తాళంలో ఉంటుంది. రోబోకాపీ అక్కడే కూర్చుంటుంది, దాని వెనకాల ఉన్న ఫైళ్లేవీ కదలవు. ప్రయత్నాలను రెండు మూడుకు తగ్గించి, దొరకని ఫైళ్ల పేర్లు లాగ్‌లో రాయమని చెప్పడం మేలు. ట్యాలీ వంటి లెక్కల ప్రోగ్రామ్‌లను మూసేశాకే డ్రైవ్ పెట్టడం ఇంకా మేలు. రాస్తుండగా తీసిన నకలులో సగం పాత లెక్క, సగం కొత్త లెక్క ఉండిపోవచ్చు.

లినక్స్‌లో ఈ పనికి పునాది యూడెవ్. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2003లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్, కెర్నెల్ నుంచి వచ్చే 'పరికరం చేరింది', 'పరికరం పోయింది' అనే కబుర్లను విని, నియమాల ఫైళ్లతో పోల్చి చూస్తుంది. బ్యాకప్ డ్రైవ్‌కు రాసే నియమం ఒక్క వరుసే. వచ్చింది బ్లాక్ పరికరమై, చర్య 'యాడ్' అయి, ఫైల్ సిస్టం యూయూఐడీ ఫలానా సంఖ్య అయితే ఫలానా సర్వీసును పిలవమని అందులో రాస్తారు. యూయూఐడీ అంటే ఫార్మాట్ చేసినప్పుడు ఆ పార్టిషన్‌కు పడే గుర్తింపు సంఖ్య. ఎక్స్‌టీ4లో అది 128 బిట్లు, ఫ్యాట్‌లో 32 బిట్లే.

చాలామంది మొదటిసారి ఇక్కడే పొరబడతారు. యూడెవ్ నియమంలో 'రన్' అని రాసి నకలు స్క్రిప్ట్‌ను నేరుగా పిలుస్తారు. ఆ చోటు సెకన్లలో ముగిసే పనుల కోసం ఉద్దేశించింది. సంఘటన ముగియగానే, ఇంకా నడుస్తున్న ప్రోగ్రామ్‌లను యూడెవ్ ఆపేస్తుంది. 50 ఫైళ్లతో పరీక్షిస్తే బాగానే పనిచేసినట్టు కనిపిస్తుంది, అసలు ఫోల్డర్లతో పెట్టేసరికి సగంలో ఆగిపోతుంది. పైగా యూడెవ్ తన సొంత మౌంట్ ప్రపంచంలో నడుస్తుంది కాబట్టి, అందులోంచి తెరిచిన డ్రైవ్ బయటివాళ్లకు కనబడదు. సరైన దారి ఏమిటంటే, యూడెవ్ కబురు మాత్రం అందించి, పనిని సిస్టమ్‌డీ సర్వీసుకు అప్పజెప్పాలి. గంటసేపు పట్టినా సర్వీసు నిలుస్తుంది, తన లాగ్ తను రాసుకుంటుంది, విఫలమైతే విఫలమైందని చెబుతుంది. రెండు పార్టిషన్లున్న డ్రైవ్ రెండు కబుర్లు పంపుతుంది, వదులైన పోర్ట్ నాలుగు పంపుతుంది. ఒకటి నడుస్తుండగా మరొకటి మొదలు కాకుండా తాళం ఫైలు ఒకటి పెట్టుకోవాలి.

స్క్రిప్టుల జోలికి పోనివాళ్లకు గ్నోమ్‌లో దేజా డూప్, కేడీఈలో కప్ ఉన్నాయి. రెండూ డ్రైవ్ తగిలేదాకా ఆగి, తగిలాక పని మొదలుపెట్టగలవు.

గుర్తు, దొంగగుర్తు

లేబుల్, సీరియల్ నంబర్, యూయూఐడీ ఏదైనా సరే, అవి గుర్తులే గానీ రుజువులు కావు. లేబుల్‌ను ఎవరైనా మార్చుకోవచ్చు, యూయూఐడీని ఒక్క ఆదేశంతో తిరగరాయవచ్చు. చౌకరకం డ్రైవ్‌లు కొన్నింటిలో సీరియల్ నంబర్ అన్నిటికీ ఒకటే ఉంటుంది. ఆఫీసులో అందరికీ అందుబాటులో ఉన్న కంప్యూటర్‌లో ఈ ఏర్పాటు ఉంటే, అదే గుర్తు వేసిన ఇంకో డ్రైవ్‌ను పెట్టి కాసేపట్లో అన్ని ఫైళ్లూ పట్టుకుపోవచ్చు. అడిగేవాళ్లుండరు, అడిగే కిటికీ కూడా రాదు.

దీనికి విరుగుడు ఎన్‌క్రిప్షన్. లినక్స్‌లో లక్స్ పద్ధతిలో డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, తాళంచెవి ఫైలును కంప్యూటర్‌లో రూట్ ఖాతాకు మాత్రమే అందేలా ఉంచుతారు. డ్రైవ్ తగిలితే ముందు ఆ తాళంచెవితో తెరవాలి. యూయూఐడీ కాపీ కొట్టిన దొంగ డ్రైవ్ ఆ తాళంచెవికి తెరుచుకోదు, నకలు మొదలే కాదు. అసలు డ్రైవ్ బస్సులో పోయినా అందులో ఏముందో ఎవరికీ తెలియదు. ఒక్క దెబ్బకు రెండు పనులు. విండోస్‌లో ఈ పనికి 2009 నుంచి బిట్‌లాకర్ టు గో ఉంది. అయితే ఆ తాళంచెవి కంప్యూటర్‌లోనే ఉండి కంప్యూటరే కాలిపోతే, మంచి బ్యాకప్ చేతిలో ఉండీ తెరవలేని పరిస్థితి వస్తుంది. పాస్‌వర్డ్‌నో రికవరీ కీనో కాగితం మీద రాసి, డ్రైవ్ ఉన్న చోట కాకుండా వేరే చోట దాచాలి.

అద్దంలా నకలు, పొరలుగా నకలు

నకలు తీయడానికి లినక్స్, మ్యాక్‌లలో ఎక్కువమంది వాడేది ఆర్‌సింక్. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ దీన్ని 1996లో విడుదల చేశారు. నెట్‌వర్క్ మీద ఫైలులో మారిన ముక్కలనే పంపే పద్ధతికి అది పేరుపడింది. యూఎస్‌బీ డ్రైవ్‌కు రాసేటప్పుడు ఆ పద్ధతి పక్కనబెట్టి మొత్తం ఫైలు రాస్తుంది, ఎందుకంటే పోల్చడానికి డ్రైవ్‌ను చదవడం కన్నా రాసేయడమే తొందరగా అవుతుంది. ఏ ఫైళ్లు మారాయో తేల్చడానికి పరిమాణం, మార్చిన సమయం ఈ రెండే చూస్తుంది. కొత్త ఫైలును ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది. మధ్యలో ఎవరైనా డ్రైవ్ లాగేసినా పాత నకలు చెడిపోకుండా ఇది కాపాడుతుంది.

ఆర్‌సింక్‌లోనూ రోబోకాపీలోనూ అద్దంలా నకలు తీసే వీలుంది. అంటే మూలంలో తొలగించిన ఫైలును నకలులోనూ తొలగించడం. డ్రైవ్ శుభ్రంగా ఉంటుందని చాలామంది దీన్నే ఎంచుకుంటారు. తనంతట తాను జరిగే బ్యాకప్‌లో ఇది కత్తిమీద సామే. మధ్యాహ్నం పొరబాటున చెరిపిన ఫోల్డర్, సాయంత్రం డ్రైవ్ పెట్టగానే అక్కడా చెరిగిపోతుంది. మూలం ఉన్న డిస్కు ఆ రోజు తెరుచుకోక ఫోల్డర్ ఖాళీగా కనబడితే, నకలంతా ఖాళీ అవుతుంది.

ఇంతకన్నా మంచి పద్ధతి తేదీల వారీగా పొరలు ఉంచడం. ఆర్‌సింక్‌కు నిన్నటి నకలును చూపించి కొత్తది తీయమంటే, మారని ఫైళ్లను మళ్లీ రాయకుండా హార్డ్ లింకులతో నిన్నటివాటినే చూపిస్తుంది. 40 గిగాబైట్ల ఫోల్డర్లో ఆ రోజు 200 మెగాబైట్లే మారితే, కొత్త పొరకు దాదాపు ఆ 200 మెగాబైట్ల స్థలమే ఖర్చవుతుంది. చూడటానికి మాత్రం ప్రతి తేదీ ఫోల్డర్లోనూ అన్ని ఫైళ్లూ ఉంటాయి. హార్డ్ లింకులు ఎక్స్‌టీ4, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లలో ఉంటాయి, ఫ్యాట్‌లోనూ ఎక్స్‌ఫ్యాట్‌లోనూ ఉండవు. కొత్త పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఈ రెండింటిలో ఒకదానితోనే వస్తాయి. ఫ్యాట్32లో ఇంకో ఇబ్బంది, 4 గిగాబైట్లు నిండే ఫైలు అందులో పట్టదు. పెళ్లి వీడియో ఒక్కటే ఆ హద్దు దాటుతుంది. బ్యాకప్ కోసమే కొన్న డ్రైవ్‌ను మొదటి రోజే తగిన ఫైల్ సిస్టంతో ఫార్మాట్ చేసుకుంటే ఈ బాధలు తప్పుతాయి.

గడియారాలు, తెలుగు పేర్లు

ఫ్యాట్ ఫైల్ సిస్టం మార్పు సమయాన్ని రెండు సెకన్లకొకసారి మాత్రమే గుర్తించగలదు. 10 గంటల 5వ సెకనులో రాసిన ఫైలు అక్కడ 4గానో 6గానో నమోదవుతుంది. సెకను తేడా చూసి 'ఇది మారింది' అనుకున్న ప్రోగ్రామ్ ప్రతిసారీ ఆ ఫైళ్లన్నీ మళ్లీ రాస్తుంది. ఇందుకోసమే ఆర్‌సింక్, రోబోకాపీ రెండింటిలోనూ చిన్న తేడాను పట్టించుకోవద్దని చెప్పే వీలుంది.

ఫ్యాట్ స్థానిక సమయాన్నే రాసుకుంటుంది, అది ఏ దేశపు సమయమో రాసుకోదు. భారతదేశంలో గడియారం ముందుకూ వెనక్కూ జరపరు కాబట్టి ఇక్కడ ఎవరికీ తట్టదు. అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు ఏడాదికి రెండుసార్లు అనుభవమవుతుంది. మార్చిలో గడియారం గంట జరగగానే, డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ గంట తేడాతో కనబడి బ్యాకప్ మొత్తం మొదటి నుంచీ నడుస్తుంది. వేసవిలో డాలస్ నుంచి విజయవాడకు ల్యాప్‌టాప్‌నూ డ్రైవ్‌నూ తెచ్చుకుని ఇక్కడి సమయానికి మార్చుకుంటే తేడా పదిన్నర గంటలు. గంట తేడాకు రోబోకాపీలో సర్దుబాటు ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌టీ4 అంతర్జాతీయ సమయాన్నే రాసుకుంటాయి కనుక వాటికి ఈ చిక్కే లేదు.

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టుకునేవాళ్లు తెలుసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'శ్రీ' అనే ఒక్క అక్షరంలో శకారం, పొల్లు, రకారం, దీర్ఘం కలిసి నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. ఎక్స్‌టీ4లో పేరుకు హద్దు 255 బైట్లు, తెలుగులో 85 సంకేతాలు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హద్దు 255 సంకేతాలు. విండోస్‌లో 'శ్రీ వేంకటేశ్వర' అంటూ మొదలుపెట్టి ఊరూ పేరూ తేదీ కలిపి పొడుగ్గా పెట్టిన పేరు, ఎక్స్‌టీ4 డ్రైవ్‌లోకి వచ్చేసరికి పట్టక ఆ ఒక్క ఫైలు ఆగిపోతుంది. లాగ్ చదవనివాళ్లకు తెలియదు.

రెండోది ఐత్వం. యూనికోడ్ ప్రకారం ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం గుర్తూ దాని కింది గుర్తూ కలిపి రెండుగానూ రాయవచ్చు. రెండూ సమానమే. పాత మ్యాక్‌లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టం పేర్లను రెండో రూపంలోకి విడగొట్టి దాచేది. విండోస్, లినక్స్ ఎలా టైపు చేస్తే అలాగే ఉంచుతాయి. దాంతో పాత మ్యాక్ నుంచి ఒకసారి, లినక్స్ నుంచి ఒకసారి ఒకే డ్రైవ్‌కు నకలు చేస్తే 'మైలవరం' అనే ఫోల్డర్ రెండుసార్లు కనబడుతుంది. కంటికి తేడా ఉండదు, కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. ఆర్‌సింక్‌లోని ఐకాన్వ్ అమరికతో మ్యాక్ రూపాన్ని మార్చుకోవచ్చు.

ఎప్పుడు తీయాలి

తనంతట తాను మొదలయ్యే పనికి తనంతట తాను ముగిశానని చెప్పే గుణం కూడా ఉండాలి. ఫైళ్లు రాయడం అయిపోయిందని ప్రోగ్రామ్ అన్నా, అసలు సమాచారం ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. లినక్స్ రాయాల్సినదాన్ని ముందు ర్యామ్‌లో పోగుచేసి, వీలునుబట్టి డ్రైవ్‌కు పంపుతుంది. సెకనుకు 10 మెగాబైట్లు రాసే మామూలు పెన్‌డ్రైవ్‌కు 2 గిగాబైట్లు బాకీ ఉంటే, 'అయిపోయింది' అన్న తరవాత కూడా మూడు నిమిషాలకు పైగా రాస్తూనే ఉంటుంది. ఆ సమయంలో లాగేస్తే చివరి ఫైళ్లు పోతాయి, ఒక్కోసారి ఫైల్ సిస్టమే చెడుతుంది. విండోస్ 10లో 2018 నాటి 1809 వెర్షన్ నుంచి మొదటి అమరికను 'క్విక్ రిమూవల్'గా మార్చారు. దానివల్ల ఈ నిల్వ తగ్గింది, రాయడం కాస్త నెమ్మదించింది. నకలు నడుస్తుండగా తీయకూడదన్న మాట అక్కడా వర్తిస్తుంది.

అందుకని స్క్రిప్ట్ ఆఖరి పనులు ఒక వరుసలో ఉంటాయి. సింక్ చేయడం (ర్యామ్‌లో మిగిలినదంతా డ్రైవ్‌కు పంపడం), డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేయడం, అది సఫలమయ్యాకే 'ఇక తీయవచ్చు' అని తెరమీద చూపడం లేదా శబ్దం చేయడం. తెర లేని రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న పెట్టెల్లో ఎల్ఈడీని మెరిపించి ఈ మాట చెప్పిస్తారు. సినాలజీ, క్యూనాప్ వంటి కంపెనీల స్టోరేజ్ పెట్టెల్లో కొన్ని మోడళ్లకు ముందువైపునే యూఎస్‌బీ పోర్ట్, దాని పక్కన కాపీ దీపం ఉంటాయి. దీపం మిణుకుమంటున్నంతసేపూ ఆగాలి.

నమ్మకానికి ముందు

ఆటోమేటిక్ బ్యాకప్‌ల అతిపెద్ద జబ్బు చడీచప్పుడు లేకుండా ఆగిపోవడం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీర్ పొరబాటున అసలు డేటాబేస్‌లో దాదాపు 300 గిగాబైట్లు చెరిపేశాడు. బ్యాకప్‌ల కోసం వెతికితే, రోజూ నడుస్తున్నాయనుకున్న నకళ్లు అసలు లేనే లేవు. డేటాబేస్ వెర్షన్ ఒకటి, నకలు తీసే ప్రోగ్రామ్ వెర్షన్ మరొకటి కావడంతో అది ప్రతిరోజూ విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని పంపిన మెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు మరో పని కోసం తీసిన నకలు ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఇంజనీర్లు నిండుగా ఉన్న సంస్థలోనే ఇలా జరిగితే, మూల గదిలోని కంప్యూటర్‌లో స్క్రిప్ట్ ఏం చేస్తోందో వారానికోసారైనా చూడాలి. విఫలమైతే చెప్పడం చాలదు. సఫలమైనప్పుడు తేదీతో సహా చెబితే, ఆ మాట రాని రోజున అనుమానం కలుగుతుంది.

డ్రైవ్ మీదా అనుమానం ఉండాలి. 2 టెరాబైట్లని రాసి చవగ్గా అమ్మే పెన్‌డ్రైవ్‌లు కొన్నింట్లో నిజానికి ఉండేది 32 గిగాబైట్ల చిప్. కంట్రోలర్ అబద్ధం చెబుతుంది. 32 దాటాక రాసింది పాతదాని మీదే పడుతుంది, లేదా ఎక్కడికీ వెళ్లదు. నకలు మాత్రం పూర్తయిందనే వస్తుంది. కొత్త డ్రైవ్‌ను నిండా రాసి తిరిగి చదివి చూసే ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత ప్రోగ్రామ్‌లు ఈ మోసాన్ని పట్టేస్తాయి. మంచి పెన్‌డ్రైవ్ అయినా ఫ్లాష్ చిప్‌లో విద్యుదావేశం రూపంలోనే సమాచారం దాస్తుంది. విద్యుత్ అందకుండా ఏళ్ల తరబడి మూలనపడేస్తే అది నెమ్మదిగా కారిపోతుంది. రోజువారీ నకలుకు పెన్‌డ్రైవ్ సరిపోతుంది. పదేళ్లు దాచాల్సిన పెళ్లి ఫొటోలకు అదొక్కటే ఆధారం కాకూడదు.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇక్కడ బాగా కుదురుతుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. రెండు డ్రైవ్‌లు కొని వాటి యూయూఐడీలు రెండూ నియమాల్లో రాసుకుంటే, ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో ఉంచి వారానికోసారి మార్చుకోవచ్చు. ఏది పెట్టినా కంప్యూటర్ గుర్తుపట్టి, దానిలో ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకుంటుంది. వానాక్రై లాంటిది ఒక డ్రైవ్ తగిలి ఉండగా వచ్చిపడినా, రెండోది చేరనంత దూరంలో ఉంటుంది.

తిరిగి తెచ్చుకోవడం

నెలకోసారి ఒక ఫైలును, ఏడాదికోసారి మొత్తం ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్ మీద తెరిచి చూడటం అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష. అదే కంప్యూటర్ మీద తెరిస్తే బయటపడని లోపాలు అప్పుడే కనిపిస్తాయి. తెలుగు డీటీపీ సెంటర్లలో ఇది మరీ ముఖ్యం. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేసిన పుస్తకాలు నేటికీ వేలల్లో ఉన్నాయి. అవి యూనికోడ్ కాదు. తెలుగు అక్షరాలు ఆ ఫాంటుకే పరిమితమైన సంకేతాలుగా ఫైలులో ఉంటాయి. పుస్తకాల ఫోల్డర్ ఒక్క బైటు పోకుండా నకలైనా, ఆ ఫాంట్లు లేని కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తాయి. ఫాంట్ల ఫోల్డర్, కీబోర్డ్ మేనేజర్ ఇన్‌స్టాలర్, ప్రతి పుస్తకానికీ ఒక పీడీఎఫ్ కూడా నకలు జాబితాలో ఉండాలి. ఫొటో స్టూడియోలకైతే ఆల్బమ్ డిజైన్లలో లింకు చేసిన బొమ్మలు వేరే డ్రైవ్‌లో ఉన్నాయేమో చూసుకోవాలి. ట్యాలీ వాడేవాళ్లు కంపెనీ డేటా ఫోల్డర్ దారిని ప్రోగ్రామ్‌లోనే చూసి, జాబితాలో ఉన్నది అదేనని తేల్చుకోవాలి. కొత్త వెర్షన్ వేసినప్పుడు ఆ దారి మారి, స్క్రిప్ట్ మాత్రం పాత ఫోల్డర్‌నే నమ్మకంగా నకలు తీస్తూ ఉండిపోవచ్చు.